డెఫ్‌కాన్: మొదటి అరగంటలోనే తేలిపోయే అణుయుద్ధం

డెఫ్‌కాన్ అనే కంప్యూటర్ గేమ్ ఆడినవాళ్ళ అభిప్రాయాలు వరసగా వింటే, వీళ్ళంతా ఒకే గేమ్ గురించి మాట్లాడుతున్నారా అన్న అనుమానం రాక మానదు. మొదటి అరగంట చేతులు కట్టుకుని కూర్చోవడమే, బాంబులు లేచేదాకా చేయడానికేమీ లేదు అంటారు కొందరు. ఆ అరగంటే అసలు ఆట, ఆ తర్వాత జరిగేది లెక్క తేల్చడం మాత్రమే అంటారు ఇంకొందరు. చివరిదాకా బాంబులు దాచుకున్నవాడే గెలుస్తాడని ఒక వర్గం. దాచుకున్న బాంబులు సైలోలతో (క్షిపణుల్ని ఉంచి వదిలే స్థావరాలు) పాటే కాలిపోతాయని మరో వర్గం. విచిత్రమేమిటంటే ఇవన్నీ నిజాలే. ఎవరు ఏ అమరికలో, ఎంతమందితో, ఏ స్కోరు పద్ధతిలో ఆడారో తెలిస్తే ఎవరి మాట ఎక్కడినుంచి వచ్చిందో ఇట్టే తెలిసిపోతుంది.

బ్రిటన్‌లోని ఇంట్రోవర్షన్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న సంస్థ 2006 సెప్టెంబరులో ఈ గేమ్‌ని విడుదల చేసింది. అంతకుముందు అప్‌లింక్, డార్వీనియా, ఆ తర్వాత ప్రిజన్ ఆర్కిటెక్ట్ చేసింది కూడా ఈ సంస్థే. డెఫ్‌కాన్‌లో ప్రపంచాన్ని ఆరు ప్రాంతాలుగా విడగొట్టారు: ఉత్తర అమెరికా, దక్షిణ అమెరికా, యూరప్, రష్యా, ఆఫ్రికా, ఆసియా. ఆడేవాళ్ళు గరిష్ఠంగా ఆరుగురు. మామూలు అమరికలో ఒక్కో ప్రాంతానికి 10 కోట్ల జనాభా ఇస్తారు. నిజ ప్రపంచంలో ఆసియా జనాభా ఎంతైనా సరే, ఇక్కడ మాత్రం అందరికీ సమానమే. భారతదేశం ఆసియా ఆటగాడి చేతిలో ఉంటుంది.

కట్టడానికి గనులు ఉండవు, తవ్వడానికి బంగారం ఉండదు, పరిశోధనలు ఉండవు. మొదట్లో చేతికిచ్చిన సామగ్రే చివరిదాకా. ఒక్కొక్కరికి 6 సైలోలు, 7 రాడార్లు, 4 ఎయిర్‌బేస్‌లు, 12 బ్యాటిల్‌షిప్‌లు, 12 క్యారియర్లు (విమానవాహక నౌకలు), 12 సబ్‌మెరైన్లు (సబ్‌లు). పోయినది పోయినట్టే, కొత్తది రాదు. ఈ ఒక్క నియమం మీదే ఆడేవాళ్ళు రెండుగా చీలిపోతారు. మామూలు స్ట్రాటజీ గేముల్లో సైన్యం పోతే మళ్ళీ తయారుచేసుకోవచ్చు కాబట్టి తప్పుకి విరుగుడు ఉంటుంది. ఇక్కడ పదో నిమిషంలో చేసిన తప్పుకి నలభయ్యో నిమిషంలో జరిమానా పడుతుంది. కొత్తగా ఆడేవాళ్ళకి ఆ రెంటికీ ఉన్న సంబంధం కనబడదు. అందుకే ఆట అంతా అదృష్టమేనన్న విమర్శ వాళ్ళనుంచే ఎక్కువగా వస్తుంది.

గడియారం ఏం చెబుతుంది

డెఫ్‌కాన్ అనేది అమెరికా సైన్యం సన్నద్ధతకు కొలమానం. 5 అంటే ప్రశాంతం, 1 అంటే యుద్ధం ముంగిట. 1962 అక్టోబరులో క్యూబా సంక్షోభం నడుస్తుండగా అమెరికా వ్యూహాత్మక వైమానిక దళం 2 దాకా వెళ్ళింది. 1973 అక్టోబరులో అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం సమయంలో 3కి వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చారు. గేమ్‌లో వెనక్కి రావడమనేది లేదు. గడియారం ముందుకే నడుస్తుంది, అంకె తగ్గుతూనే ఉంటుంది. ఆటలోని 30వ నిమిషానికి డెఫ్‌కాన్ 1 వచ్చి అణ్వాయుధాల తాళం తీస్తుంది. యుద్ధాన్ని ఆపే మార్గం ఒక్కటైనా ఉండాల్సిందని కొందరి కంప్లయింట్. గేమ్ దాన్ని కావాలనే పక్కన పెట్టింది. ఎప్పుడు యుద్ధం వస్తుందన్న ప్రశ్న తీసేస్తే, వచ్చేలోపు ఏం చేసుకున్నావన్న ప్రశ్న ఒక్కటే మిగులుతుంది.

5, 4 దశల్లో సామగ్రిని మ్యాప్ మీద పెట్టుకోవాలి. 3 వచ్చాక కొత్తగా పెట్టడం కుదరదు. అప్పటినుంచి సముద్రంలో, గాలిలో మామూలు ఆయుధాలతో పోరు మొదలవుతుంది. 2లో అదే సాగుతుంది. అంటే అణుబాంబు రాకముందే దాదాపు ఇరవై నిమిషాల సంప్రదాయ యుద్ధం ఉంది. కొత్తవాళ్ళు ఖాళీగా కూర్చున్నామని చెప్పేది సరిగ్గా ఈ ఇరవై నిమిషాల గురించే.

ఇది పులిజూదంలో మేకలు పరిచే దశ లాంటిది. ఏ మేకా ఇంకా కదల్లేదు కదా అని ఆదమరిచినవాడు, కదపడం మొదలయ్యాక పులి ఎక్కడెక్కడ దూకగలదో లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు.

సామగ్రి పెట్టే దశలో జరిగే పొరపాట్లు

సైలోకి రెండు పనులు ఉన్నాయి. ఒకటి గాల్లో వచ్చే విమానాల్నీ క్షిపణుల్నీ కూల్చడం. రెండోది తన దగ్గరున్న 10 క్షిపణుల్ని శత్రువు మీదకి వదలడం. రెండూ ఒకేసారి చేయలేదు. ఒక పనినుంచి ఇంకో పనికి మారడానికి సమయం పడుతుంది, దాడినుంచి రక్షణకి తిరిగి రావడానికి మరీ ఎక్కువ. ఆట మొత్తం ఈ ఒక్క కీలు చుట్టూ తిరుగుతుంది.

అందుకే సైలో ఎక్కడ పెట్టారన్నది రెండు విధాలుగా చూడాలి. పెద్ద నగరాల మీద రక్షణ గొడుగులు ఒకదానిమీద ఒకటి పడాలి, ఎందుకంటే ఒంటరి సైలో వరసగా వచ్చే మూడు నాలుగు క్షిపణుల్ని ఆపలేదు. అదే సమయంలో సైలోలన్నీ ఒకేచోట గుంపుగా ఉంటే, వాటిని వెతకాల్సిన అవసరం శత్రువుకి ఉండదు. అలవాటైన ఆటగాళ్ళు ఆరింటినీ రెండు మూడు గుంపులుగా విడగొట్టి, ఒక్కో గుంపులోని సైలోలు ఒకదాన్నొకటి కాపాడుకునేలా పెడతారు. తీరానికి దగ్గరగా పెట్టడం మొదటి తప్పు. సబ్‌మెరైన్ వదిలే క్షిపణికి దూరం తక్కువ, పడడానికి సమయం తక్కువ, కాబట్టి కూల్చడానికి దొరికే అవకాశమూ తక్కువే.

రాడార్ల విషయంలో పొరపాటు దీనికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. శత్రువుని ముందే చూడాలని ఏడింటినీ సరిహద్దు అంచున పరుస్తారు. అవి డెఫ్‌కాన్ 1 మొదటి నిమిషాల్లోనే పోతాయి. ఆ తర్వాత సైలోలు తమ చుట్టూ ఉన్న కొద్ది మేర మాత్రమే చూడగలవు. క్షిపణి కనబడే సరికి నెత్తిమీద ఉంటుంది. సైలోలు సరిగ్గానే ఉన్నాయి గానీ కూల్చలేకపోయాయి అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉన్నది ఈ రాడార్ కథే. అంచున నాలుగో అయిదో పెట్టి, మిగిలినవి సైలోల వెనక లోతట్టున ఉంచితే రక్షణ అంత తొందరగా గుడ్డిదవదు.

ప్రాంతాల మధ్య సమతూకం లేదన్న విమర్శలో నిజం ఉంది, కానీ సగమే. యూరప్‌ చిన్నది. ఆరు సైలోలతో నగరాలన్నిటినీ కప్పవచ్చు, ఇది లాభం. రష్యా, ఆఫ్రికా రెండూ పక్కనే ఉంటాయి కాబట్టి వాళ్ళ బాంబర్లకి ప్రయాణమే లేదు, ఇది నష్టం. ఉత్తర అమెరికాకి రెండు మహాసముద్రాలు అడ్డుగోడలు, అయితే నౌకాదళాన్ని రెండుగా చీల్చక తప్పదు. రష్యాకి విశాలమైన లోతట్టు ఉంది, సైలోలు దాచుకోవచ్చు. ఇద్దరే ఆడేటప్పుడు ఈ తేడాలు గట్టిగా తెలుస్తాయి. ఆరుగురు ఆడేటప్పుడు పక్కింటివాడు ఎవరన్నది వీటికంటే ముఖ్యమైపోతుంది.

సముద్రమే అసలు సరిహద్దు

ఒక నౌకా బృందంలో ఆరు ఓడల దాకా ఉండొచ్చు. బ్యాటిల్‌షిప్ పై నీటి ఓడల్నీ విమానాల్నీ చితక్కొడుతుంది, కానీ నీటి కింద ఉన్న సబ్‌ దానికి కనబడదు. సబ్ బ్యాటిల్‌షిప్‌ని దొంగచాటుగా ముంచుతుంది. క్యారియర్‌కి సబ్‌ని వేటాడే మోడ్ ఉంది, కానీ బ్యాటిల్‌షిప్ ఎదురుపడితే నిలవలేదు. ఈ మూడింటి చక్రం ట్యుటోరియల్ చూసినవాళ్ళందరికీ తెలిసిందే. తెలియనిది బృందాల కూర్పు.

ఎక్కువమంది కొత్తవాళ్ళు ఆరు సబ్‌ల్ని ఒక్క బృందంగా, ఆరు క్యారియర్లని ఇంకో బృందంగా, ఇలా జాతులవారీగా విడదీస్తారు. చూడడానికి సర్దుగా ఉంటుంది. నాలుగు బ్యాటిల్‌షిప్‌లు ఎదురైన క్షణాన ఆ క్యారియర్ల బృందం మొత్తం, వాటిమీద ఉన్న ఫైటర్లు, బాంబర్లు, అణుబాంబులతో సహా నీటిపాలవుతుంది. రెండు క్యారియర్లకి తోడుగా నాలుగు బ్యాటిల్‌షిప్‌లు ఉంటే ఆ పరిస్థితి రాదు. సబ్‌లు మాత్రం విడిగా ఉండడమే మంచిది. పై ఓడలతో కలిపి పంపితే వాటి బృందం ఎక్కడుందో తెలిసిన శత్రువుకి సబ్‌ల ఆచూకీ కూడా తెలిసిపోతుంది.

సబ్ గురించి ఇంకో మాట. మామూలుగా అది పాసివ్ సోనార్‌లో, అంటే శబ్దం పంపకుండా వింటూ మాత్రమే, నిశ్శబ్దంగా ఉంటుంది. యాక్టివ్‌కి మారిస్తే చుట్టుపక్కలది తను చూస్తుంది, తననూ చూస్తారు. దాన్ని అలాగే వదిలేసి వేరే పనిలో పడిపోవడం సర్వసాధారణమైన తప్పు. డెఫ్‌కాన్ 1 వచ్చాక క్షిపణులు వదలడానికి సబ్ నీటిపైకి రావాలి. అప్పుడది బహిరంగ లక్ష్యం. ఒక్కో సబ్‌లో 5 క్షిపణులు ఉంటాయి. పన్నెండూ బతికి ఉంటే 60, అంటే ఆరు సైలోల్లో ఉన్నన్ని. సంప్రదాయ యుద్ధంలో సబ్‌లన్నీ పోగొట్టుకున్నవాడు అణుయుద్ధాన్ని అంత తక్కువ సరుకుతో మొదలుపెడతాడన్నమాట. పైగా సబ్ క్షిపణికి ఉన్న వేగమైన దెబ్బ వాడి దగ్గర ఉండదు.

శత్రువు నీళ్ళలోకి డెఫ్‌కాన్ 3 రాకముందు అడుగు పెట్టనివ్వరు. అది రాగానే వెళ్ళి నిలబడాలంటే, ముందు దశల్లోనే బృందాలు అంచుదాకా నడిచి ఉండాలి. ఓడల ప్రయాణం చాలా నెమ్మది. అట్లాంటిక్ దాటడానికి పట్టే సమయాన్ని లెక్కలోకి తీసుకోని ఆటగాడి క్యారియర్లు డెఫ్‌కాన్ 1 మోగినప్పుడు ఇంకా నడిసముద్రంలోనే ఉంటాయి. అలాంటివాళ్ళకే మొదటి అరగంట ఖాళీగా కనబడుతుంది. ఆ ఖాళీ సమయంలో ఎదుటివాడు వాళ్ళ తీరానికి వచ్చేశాడు.

ఫైటర్ల వాడకం కూడా ఇలాంటిదే. వాటి పని శత్రు బాంబర్లని కూల్చడమే అనుకుని చివరిదాకా ఎయిర్‌బేస్‌లోనే ఉంచుతారు. నిజానికి డెఫ్‌కాన్ 3లో వాటి అసలు విలువ గూఢచర్యం. శత్రు భూభాగం మీదుగా ఒక ఫైటర్‌ని పంపితే, అది తిరిగి రాకపోయినా, దారిలో కనబడిన సైలో, రాడార్ మ్యాప్ మీద గుర్తుండిపోతాయి. ఇంధనం పరిమితం కాబట్టి ఎంత దూరం వెళ్తుందో లెక్క చూసుకుని పంపాలి. రెండు ఫైటర్లు పోయి రెండు సైలోల చోటు దొరికితే అది చాలా చౌక బేరం.

ముందు వదలాలా, తర్వాత వదలాలా

డెఫ్‌కాన్ మీద జరిగే వాదాల్లో పెద్దది ఇదే. సైలో క్షిపణి వదలడం మొదలుపెట్టగానే ఆ సైలో ఎక్కడుందో ప్రపంచమంతటికీ తెలిసిపోతుంది. అదే సమయంలో దాని రక్షణ గొడుగు మూసుకుపోతుంది. ముందుగా తెరిచినవాడి మీద మిగతా అయిదుగురూ పడతారు. కాబట్టి చివర్లో వదలడమే మేలు అన్న అభిప్రాయం అనుభవంలోంచి పుట్టినదే.

కానీ ఆగడానికీ ధర ఉంది. సైలోని నాశనం చేయడానికి మూడు దెబ్బలు కావాలి. నాశనమైతే లోపల మిగిలిన క్షిపణులన్నీ దానితోనే పోతాయి. నిండు సైలో ఒకటి పోయిందంటే పది బాంబులు పోయినట్టు. సముద్రం మీద పట్టు సాధించిన శత్రువు సబ్‌లతో, క్యారియర్ బాంబర్లతో సైలోల్ని ఒక్కొక్కటిగా కొడుతుంటే, ఆగుతున్నవాడు రోజురోజుకీ బలపడడం లేదు, బలహీనపడుతున్నాడు. ఆగే హక్కు సముద్రాన్ని గెలిచినవాడికే ఉంటుంది. చివరివాడే గెలుస్తాడన్న మాటలో చెప్పకుండా వదిలేసిన షరతు ఇది.

వదిలే పద్ధతిలోనూ నేర్పు ఉంది. పది క్షిపణులు పది వేర్వేరు నిమిషాల్లో వస్తే నాలుగు సైలోల రక్షణ వాటిలో ఎక్కువ భాగాన్ని కూల్చేస్తుంది. అవే పది ఒకే నిమిషంలో ఒకే నగరం మీదకి వస్తే కొన్ని తప్పకుండా లోపలికి దూరతాయి. అందుకని దూరంగా ఉన్న సైలోలని ముందు, దగ్గరివాటిని తర్వాత, సబ్‌లని అన్నిటికంటే చివర తెరవాలి. ప్రయాణ సమయాలు వేరైనా అన్నీ కలిసి చేరేలా చూడాలి. మొదటి అలని సైలోల మీదకీ రాడార్ల మీదకీ పంపి, రక్షణ చితికాక నగరాల మీదకి రెండో అల పంపడం బాగా ఆడేవాళ్ళ అలవాటు. కొత్తవాళ్ళు నేరుగా పెద్ద నగరం మీద గురిపెట్టి, సగం బాంబులు గాల్లోనే పోగొట్టుకుంటారు.

నగరం లెక్క కూడా తెలియాలి. ఒక దెబ్బకి ఆ నగరంలో అప్పుడున్న జనాభాలో దాదాపు సగం పోతుంది. కోటి మంది ఉన్న నగరంలో మొదటి బాంబు 50 లక్షలు, రెండోది 25 లక్షలు, మూడోది పన్నెండున్నర లక్షలు. నాలుగో బాంబు అదే నగరం మీద వేయడం దండగ. 30 లక్షల జనాభా ఉన్న ముట్టని నగరం మీద వేస్తే అంతకు రెట్టింపు పైగా ఫలితం ఉంటుంది. ఒక్క నగరం మీద కసిగా ఎనిమిది బాంబులు కుమ్మరించి, స్కోరు పెరగడం లేదేమిటని అడిగేవాళ్ళకి జవాబు ఈ సగం లెక్కే.

స్కోరు మారితే మనుషులు మారతారు

గేమ్ ప్రచార వాక్యం ఎవరూ గెలవరంటుంది. స్కోరు బోర్డు మాత్రం వేరే మాట చెబుతుంది. మామూలు పద్ధతిలో చంపిన ప్రతి పది లక్షల మందికీ 2 పాయింట్లు వస్తాయి, తన ప్రజల్లో పోయిన ప్రతి పది లక్షలకీ 1 పోతుంది. లెక్క వేసి చూడండి. ఇద్దరు ఆటగాళ్ళు ఒకరిమీద ఒకరు దాడి చేసుకుని చెరో 5 కోట్ల మందిని చంపుకున్నారనుకుందాం. ఇద్దరికీ 100 వచ్చి 50 పోతాయి, నికరంగా చెరో 50. పక్కన ఎవరి జోలికీ పోకుండా, ఒక్క ప్రాణం పోకుండా కూర్చున్న మూడోవాడికి సున్నా. ఈ పద్ధతిలో శాంతిగా ఉన్నవాడు ఓడిపోతాడు, పరస్పర వినాశనం లాభసాటి వ్యాపారం.

సర్వైవర్ పద్ధతికి మారిస్తే బతికిన జనమే స్కోరు. అప్పుడు రక్షణ, పొత్తులు, బేరాలు విలువ సంతరించుకుంటాయి. ఎవరు ఎవరిని రెచ్చగొట్టకుండా ఉంటారన్నదే ఆట అవుతుంది. జెనోసైడ్ పద్ధతిలో చంపిన సంఖ్య తప్ప మరేదీ లెక్కకి రాదు, కాబట్టి రక్షణ అనే ఆలోచనే తగ్గిపోతుంది. ఆటలో దౌత్యం అబద్ధం, అందరూ చివరికి కాల్చుకుంటారు అని చెప్పేవాళ్ళు మామూలు పద్ధతిలో ఆడినవాళ్ళు. ఉత్కంఠ అంతా మాటల్లోనే ఉంది అనేవాళ్ళు సర్వైవర్ ఆడినవాళ్ళు. ఎవరినైనా అభిప్రాయం అడిగేముందు ఏ స్కోరుతో ఆడారని అడగడం మంచిది.

పొత్తుల గురించి మరో ముచ్చట. మిత్రులతో రాడార్ పంచుకోవచ్చు, కాల్పుల విరమణ పెట్టుకోవచ్చు, ఓటుతో కొత్తవాళ్ళని చేర్చుకోవచ్చు, ఉన్నవాళ్ళని వెళ్ళగొట్టనూ వచ్చు. కానీ గెలిచేది ఒక్కరే కాబట్టి ప్రతి పొత్తుకీ లోపలే గడువు తేదీ రాసి ఉంటుంది. మిత్రుడికి రాడార్ ఇచ్చిన ఆటగాడు తన సైలోల చిరునామాలు కూడా ఇచ్చినట్టే. వెన్నుపోటు ఎందుకంత నొప్పి కలిగిస్తుందంటే, పొడిచేవాడికి ఎక్కడ పొడవాలో వెతుక్కునే పని లేదు. డిప్లొమసీ మోడ్‌లో ఆరుగురూ ఒకే పొత్తులో మొదలవుతారు. మొదట ఎవరు విడిపోతారన్న అనుమానం ఒక్కటే ఆ మోడ్‌ని నడిపిస్తుంది. మాటకారులకి ఇది స్వర్గం. మైక్, చాట్ రెండూ నచ్చనివాళ్ళకి విసుగు.

ఆట ముగింపు మీద కూడా గొణుగుడు ఉంది. ప్రపంచంలోని అణ్వాయుధాల్లో 20 శాతం మాత్రమే మిగిలినప్పుడు చివరి కౌంట్‌డౌన్ మొదలవుతుంది, మామూలు అమరికలో ఆట గడియారం ప్రకారం 45 నిమిషాలు. అది తెలియక బాంబులు పొదుపు చేసినవాళ్ళు, ప్రయాణ సమయం చాలక, గాల్లో ఉన్న క్షిపణులతోనే ఆట ముగించాల్సి వస్తుంది.

వేగం, కంప్యూటర్, శబ్దం

ఆట గడియారాన్ని నిజ సమయంలో గానీ, 5, 10, 20 రెట్ల వేగంతో గానీ నడపవచ్చు. నలుగురైదుగురు కలిసి ఆడేటప్పుడు సాధారణ అమరికలో, అడిగిన వేగాల్లో అన్నిటికంటే తక్కువది అమలవుతుంది. ఒక్కడు నిజ సమయం కావాలంటే మిగతా అందరూ ఆగాలి. నీరసంగా ఉందన్న ఫిర్యాదుల్లో పెద్ద వాటా దీనిదే. దీనికి రెండో వైపు ఆఫీస్ మోడ్ ఉంది. ఆరు గంటలు నిజ సమయంలో నడిచే ఆట అది, పక్కన కిటికీలో పెట్టుకుని మధ్యమధ్యలో చూసుకోవడానికి చేసినది. అదే ఆరు గంటలు 20 రెట్ల వేగంతో నడిపితే 18 నిమిషాల్లో అయిపోతుంది. ఇంత తేడా ఉన్న రెండు ఆటలకి ఒకే రేటింగ్ ఇవ్వమంటే ఎవరైనా తడబడతారు.

కంప్యూటర్ ఆటగాడి మీద వచ్చే విమర్శ న్యాయమైనదే. అది దశలవారీ పథకం ప్రకారం నడుస్తుంది. కొన్ని ఆటల తర్వాత అది ఎప్పుడు సైలోలు తెరుస్తుందో ఊహించవచ్చు. దానితో బేరమాడలేము, దానిమీద కోపం తెచ్చుకోలేము. ఒంటరిగా ఆడేవాళ్ళకి గేమ్ తొందరగా చప్పబడిపోవడానికి కారణం ఇది. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు ఈ గేమ్ కోసం మెరుగైన బాట్లు (మనిషి బదులు ఆడే ప్రోగ్రాములు) రాయడానికి ప్రయత్నించారు. బాట్లకి తలుపు తెరిచే ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేస్ కూడా వచ్చింది. అయినా నౌకాదళాన్ని కదపడం బాట్‌కి నేర్పవచ్చు గానీ, నువ్వు ఆఫ్రికాని కొట్టు, నేను కళ్ళు మూసుకుంటాను అని నమ్మబలకడం నేర్పడం కష్టం.

బొమ్మల గురించి అందరిదీ దాదాపు ఒకే మాట. నల్లటి తెర, నీలి గీతల ఖండాలు, తెల్లటి చుక్కలు, నగరం మీద బాంబు పడగానే చిన్న వెలుగు, పక్కన చనిపోయినవాళ్ళ సంఖ్య. సంగీతం నెమ్మదిగా, బరువుగా సాగుతుంది. జాగ్రత్తగా వింటే దాని వెనక ఎక్కడో దగ్గు, ఏడుపు వినిపిస్తాయి. ఇది నచ్చనివాళ్ళు తక్కువ. ఆడియో ఆపేసి వేరే పాటలు పెట్టుకుని ఆడిన వాళ్ళు గేమ్‌ చల్లగా ఉందనడం మాత్రం సరైన తీర్పు కాదు.

సంప్రదాయ యుద్ధాన్ని ముందుకి తెస్తే

డెఫ్‌కాన్‌లో లేనివన్నీ కావాలన్నవాళ్ళ కోసం వచ్చినట్టుండేది ఐసీబీఎం అనే మరో గేమ్. సాఫ్ట్‌వార్‌వేర్ తయారుచేసి స్లిథరిన్ ద్వారా 2020లో విడుదల చేసింది. ఇందులో పరిశోధన ఉంది, ఉత్పత్తి ఉంది. క్షిపణులు, బాంబర్లు, సబ్‌లు, రాడార్లు, క్షిపణి నిరోధక వ్యవస్థలు, వేటిమీద ముందు ఖర్చు పెట్టాలో ఆటగాడే నిర్ణయించుకోవాలి. 2024లో వచ్చిన ఐసీబీఎం ఎస్కలేషన్ దానికి భూసేనని, భూభాగం ఆక్రమించడాన్ని కలిపింది. ఇప్పుడు ఒక్క అణుబాంబు వేయకుండానే పక్క దేశాన్ని మింగవచ్చు. మింగబోతున్నారని గ్రహించిన పక్క దేశం అణుబాంబు వేయనూ వచ్చు.

దాంతో ఆటగాళ్ళ ఫిర్యాదుల దిశే మారిపోయింది. చేయడానికేమీ లేదనేవాళ్ళు ఎవరూ లేరు. ఒకేసారి పరిశోధన వరసని, కర్మాగారాన్ని, నౌకాదళాన్ని, సరిహద్దులో సేనని చూసుకోలేకపోతున్నామన్నది కొత్త బాధ. రియల్ టైమ్ ఆటలో ఒక మూల యుద్ధం చూస్తుండగా ఇంకో మూల నగరం పోవడం మామూలైపోతుంది. డెఫ్‌కాన్‌లో సరుకు అందరికీ సమానం కాబట్టి ఓడితే ఎక్కడ పెట్టామో, ఎప్పుడు వదిలామో వెతుక్కుంటారు. ఇక్కడ ఓటమికి కారణం మొదటి పది నిమిషాల్లో తప్పు పరిశోధన ఎంచుకోవడం కావచ్చు, సేనల కదలిక కావచ్చు, క్షిపణి నిరోధకం ఆలస్యం కావడం కావచ్చు. ఏది అసలు కారణమో విడదీసి చెప్పడం కష్టం. అందుకే నేర్చుకోవడానికి ఎక్కువ ఆటలు పడతాయి.

పరిశోధన ఉన్న గేమ్‌లో ఆగడం అంటే బలపడడం, ఇది డెఫ్‌కాన్‌కి పూర్తిగా తలకిందులు. మెరుగైన క్షిపణి నిరోధకం చేతికొచ్చేదాకా ఆగుదామని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. వెనకబడుతున్నవాడికి మాత్రం ఈరోజు కొట్టకపోతే రేపు కొట్టే అవకాశమే ఉండదు. ముందు తెగించేది బలహీనుడే. బలంగా ఉన్నవాళ్ళు ఈ తెగింపుని కంప్యూటర్ మతిలేనితనమని తిట్టుకుంటారు. లెక్క ప్రకారం చూస్తే అది చేయగలిగిన పనుల్లో తెలివైనది అదే.

డెఫ్‌కాన్‌ని మొదటిసారి ఆడబోయేవాళ్ళు ఆరుగురి ఆటలో దూకకపోవడం మంచిది. ఇద్దరితో, 5 రెట్ల వేగంతో, మామూలు స్కోరుతో రెండు మూడు ఆటలు ఆడితే నౌకాదళం సంగతి బోధపడుతుంది. మనుషులు నలుగురు దొరికాక సర్వైవర్‌కి మారాలి. ప్రతి ఆట తర్వాత చూసుకోవాల్సింది స్కోరుకంటే ముందు ఒకటుంది: 30వ నిమిషం మోగినప్పుడు ఎన్ని సబ్‌లు మిగిలాయి, అవి ఎవరి తీరాన ఉన్నాయి.